ఆట నడుమ ఆరిపోవు కంప్యూటరు

వీడియో ఆటలకై అమర్చిన కంప్యూటరు ఒక్కొక్కప్పుడు ఆట మంచి పట్టులో నుండగా ఉన్నట్లుండి ఆరిపోవును. తెరమీద హెచ్చరిక యేదియు కనబడదు. మీట నొక్కినచో మరల మామూలుగా పనిచేయును. అప్పుడు పలువురు తోచిన భాగమునెల్ల మార్చి చూతురు. ధనము వ్యయమగును గాని కారణము తెలియదు.

ఇట్లు ఆరిపోవుట చాలా సందర్భములలో యంత్రము తన్ను తాను కాపాడుకొనుటయే. ఇంటిలోని ఫ్యూజు వంటిదే ఇదియును. కావున అది దేనిని కాపాడుటకు ఆగినదో మొదట తెలిసికొనవలెను.

ప్రధాన కారణములు రెండు. మొదటిది ఉష్ణము. ప్రాసెసరు గ్రహించు విద్యుచ్ఛక్తి దాదాపు అంతయు ఉష్ణముగా మారును. దానిపై అమర్చిన లోహపు రెక్కలు, పంకా ఆ ఉష్ణమును గాలిలోనికి చేర్చును. చాలా ప్రాసెసర్లు సుమారు 100 డిగ్రీల సెల్సియస్‌ను సమీపించగనే వేగము తగ్గించుకొనును. అప్పటికిని వేడిమి పెరిగినచో యంత్రము ఆగిపోవును.

ఒక లెక్క చూడుడు. ఆట సమయమున ప్రాసెసరు గది గాలికంటె 55 డిగ్రీలు ఎక్కువ వేడిగా నుండుననుకొందము. గదిలో 25 డిగ్రీలున్నచో ప్రాసెసరు 80 డిగ్రీలకు చేరును. నడివేసవిలో గది 42 డిగ్రీలైనచో అది 97 అగును. రెక్కల నడుమ దుమ్ము పేరుకొన్నచో ఆ 55 ఇంకను పెరుగును. శీతకాలమున చక్కగా నడచిన యంత్రము వైశాఖమున ఆరిపోవుటలో వింత లేదు.

రెండవది పవర్ సప్లై. ఇది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చును. 2020లో వెలువడిన ఆర్‌టీఎక్స్ 3090 అను గ్రాఫిక్స్ కార్డు సామర్థ్యము 350 వాట్లు. దీనిని 12 చే భాగించినచో ప్రవాహము సుమారు 29 ఆంపియర్లు. ఇట్టి కార్డులు సెకనులో అత్యల్పభాగము పాటు ఇంతకు మించియు లాగుకొనును. అప్పుడు పవర్ సప్లైలోని రక్షణవలయము అతిభారమని యెంచి విద్యుత్తును ఆపివేయవచ్చును. అందుచేతనే 2022 నాటి ఏటీఎక్స్ 3.0 ప్రమాణము, పవర్ సప్లై తన సామర్థ్యమునకు రెండింతల భారమును 100 మైక్రోసెకన్లు ఓర్చుకొనవలెనని విధించినది.

ఈ రెండింటిని వేరుపరచుటకు కాలమే మొదటి సాక్షి. వేడిమి నెమ్మదిగా పెరుగును. ఆట మొదలైన కొన్ని నిమిషములకు యంత్రము ఆరును. వెంటనే తిరిగి ఆడినచో ఇంకను త్వరగా ఆరును. విద్యుద్భారము అట్లు కాదు. యంత్రము చల్లగా నున్నను, బరువైన దృశ్యము తెరకు రాగానే ఆరిపోవును. తెర నీలమై సందేశము కనబడినచో జ్ఞాపకభాగమునో, ప్రోగ్రామునో శంకింపవలెను. విండోస్ దినచర్యలో కనబడు 41 అను సంఖ్య, యంత్రము సక్రమముగా మూయబడలేదని మాత్రమే తెలుపును, కారణమును చెప్పదు.

తరువాత పరీక్ష. ఉష్ణోగ్రతను చూపు ప్రోగ్రామును నడుపుచు మొదట ప్రాసెసరుపై మాత్రమే, పిదప గ్రాఫిక్స్ కార్డుపై మాత్రమే, చివరకు రెండింటిపై ఒకేసారి పూర్తి భారము మోపవలెను. విడివిడిగా నిలిచి, వేడిమి హద్దులో నుండగనే, రెండును కలిసినప్పుడు ఆరినచో పవర్ సప్లైపై అనుమానము బలపడును. సామర్థ్యము చాలినట్టి మరియొక దానిని పెట్టి చూచినచో సంగతి తేలిపోవును. ఒక పర్యాయమున ఒక మార్పే చేయవలెను. దుమ్ము తుడిచి, పవర్ సప్లైని కూడ ఒకేసారి మార్చినచో ఏది పనిచేసినదో తెలియదు.

ఒక హెచ్చరిక. పవర్ సప్లై పెట్టెను ఎన్నడును విప్పరాదు. 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు శిఖరము సుమారు 325 వోల్టులు. తీగ ఊడదీసిన పిదపను లోపలి కెపాసిటరులో అంతటి విద్యుత్పీడనము, కొన్నింట అంతకు మించియు, నిలిచి యుండవచ్చును. అది ప్రాణాపాయము.

విద్యార్థులు ఒక కాగితముపై కాలము, గది వేడిమి, ప్రాసెసరు వేడిమి, భారము, ఫలితము అని అయిదు గడులు గీసి ప్రతి పరీక్షను వ్రాసికొన్నచో, ఏ భాగమును కొనవలెనో, అసలు కొనవలసిన పని యున్నదో లేదో ఆ పట్టికయే చెప్పును.