తెలుగు జాలపుటకు తగిన థీమ్: ఎన్నిక, సవరణ

తెలుగుదేశమునకు వెలుపల తరతరములుగ స్థిరపడిన మనవారిలో పెద్దలు కొందరు తమ వంశచరిత్రను, ఊరి సంగతులను, ఇంటిపేర్ల పుట్టుకను అంతర్జాలమునందలి స్వంతపుటలలో వ్రాసి యుంచుచున్నారు. ఆ వ్రాతలు ముఖ్యముగ మనుమల కొరకు. హోసూరు, బళ్లారి, బరంపురము, షోలాపురములలో పెరిగిన పిల్లలలో పలువురు ఇంటియందు తెలుగే మాటాడుదురు గాని, బడిలో వారు నేర్చిన లిపి వేరు. తెలుగును వారు కూడబలుకుకొని చదువుదురు. అట్టి చదువరికి వత్తు తెగిన అక్షరమో, ఒకదానిపై నొకటి పడిన పంక్తులో ఎదురైనచో మరల ఆ పుట తెరవడు. అందుచే పుటకు వేషమేర్పరచు థీమును గూర్చి తెలుగు అక్షరదృష్టితో విచారించుట ఈ వ్యాసోద్దేశము.

థీమ్ అనగా నేమి? ఒకే వ్రాతప్రతిని ఇరువురు ముద్రాపకులకిచ్చినచో రెండు తీరుల పుస్తకములు వచ్చును. వ్రాత మారదు, అచ్చు, అంచు, పంక్తుల నడిమి యెడము, శీర్షికను నిలుపు తీరు మారును. థీమ్ అట్టి ముద్రాపకుని వంటిది. 2003 మే 27న వెలువడిన వర్డ్‌ప్రెస్ అను సాధనమునందు ఈ విభజన 2005 ఫిబ్రవరి నాటి 1.5 కూర్పుతో ఏర్పడినది. వ్రాత డేటాబేసులో నుండును. థీమ్ వేరొక ఫైళ్ల కట్టగ నుండును. కావున థీమును మార్చినంత మాత్రమున వ్రాసినది పోదు. ఈ సంగతి తెలియక, తొలుత పెట్టిన వేషమునే భయముతో పట్టుకొని యున్నవారు గలరు. ఇచ్చట ఉదాహరణమునకు వర్డ్‌ప్రెస్‌నే గ్రహించితిని. అక్షరములను గూర్చి చెప్పబోవునది ఏ సాధనమునకైనను వర్తించును.

ఉచితముగ లభించు థీములు వేలకొలది గలవు. అందు మిక్కిలి భాగము రోమను లిపిని మనస్సునందుంచుకొని చేసినవి. వాటి నమూనా పుటలో పెద్ద ఛాయాచిత్రము, దానిపై రెండు పొట్టి ఇంగ్లీషు మాటలు, చుట్టును విశాలమైన తెలుపు కనబడును. చూచువాడు ఆ చిత్రమునకు మోహపడి థీము నెన్నుకొనును. తన పుటలో ఆ చిత్రముండదు. ఆ పొట్టిమాటలకు మారు "మా ముత్తాతగారి వలసప్రయాణవృత్తాంతము" వంటి దీర్ఘశీర్షిక యుండును. కావున నమూనాను విడిచి, థీమును అమలు చేయుటకు పూర్వమే తన వ్రాతతో చూచుకొను సౌకర్యము నుపయోగింపవలెను. కదలెడు బొమ్మల వరుసలను గూర్చి నాకు సదభిప్రాయము లేదు. అవి చదువుటకు వచ్చినవానిని చూచుటకు మరలించును.

పరీక్షకు సులువైన మాటలు పనికిరావు. స్త్రీ, రాష్ట్రము, సూక్ష్మము, లక్ష్మీకాంతము, విజ్ఞప్తి, కృష్ణాజిల్లా వంటి మాటలు గల పేరాను సిద్ధపరచుకొని ప్రతి థీమునందును అదియే పెట్టి చూడవలెను. మన అక్షరము నిలువున మూడంతస్తులు గలది. పైన గుడి, ఏత్వము మొదలగునవి, నడుమ హల్లు, క్రింద వత్తు, ఒక్కొక్కచో రెండవ వత్తు. రోమను లిపిలో తలపై కొమ్ము, క్రింద తోక గల అక్షరములున్నను వాటికి ఇంత తావు అక్కరలేదు. అందుచే ఆ లిపికి చేసిన థీములలో పంక్తి యెత్తు అక్షరప్రమాణమునకు 1.5 రెట్లును, శీర్షికలలో 1.2 రెట్లును ఉండుట సామాన్యము. తెలుగు శీర్షిక రెండు పంక్తులైనచో పై పంక్తిలోని వత్తు క్రింది పంక్తిలోని గుడిని తాకును. పెట్టెలో బిగించిన శీర్షికయైనచో వత్తు అడుగుభాగము తెగిపోవును. వ్యాసభాగమునకు 1.8 మొదలు 2 రెట్ల వరకును, శీర్షికకు 1.5 రెట్లకు తగ్గకుండను ఉంచుట మేలని నా యభిప్రాయము. అక్షరప్రమాణము 16 పిక్సెళ్లని థీము చెప్పినచో తెలుగునకు 18 గాని 20 గాని చేయవలెను. చిన్న ప్రమాణములో బ, ఒత్తు గల భ వేరుగ తోచవు. తెలుగు క్రొత్తగ నేర్చినవానికి అది పెద్ద యిబ్బంది.

మన పదములు సంధిసమాసములచే పొడవైనవి. రెండు ప్రక్కల పట్టీలతో నడిమి వరుస ఇరుకైన థీములలో పంక్తికి మూడు మాటలే పట్టును. ఇరువైపుల అంచులను సమము చేసినచో ఆ మూడు మాటల నడుమ గోతులేర్పడును. ఎడమ అంచు మాత్రము సమముగ నుంచి, కుడి అంచును విడిచివేయుటయే యుక్తము.

ఫాంటును థీము నిర్దేశింపనిచో ప్రతి యంత్రమును తన యిష్టమునకు వచ్చిన దానిని చూపును. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీతో గౌతమి వచ్చినది. తరువాతి విండోసులలో నిర్మలా యూఐ గలదు. ఆపిల్ ఫోనులలో కోహినూర్ తెలుగు, ఆండ్రాయిడ్‌నందు నోటో. ఒకే పుట నాలుగిండ్లలో నాలుగు విధములుగ నుండును. దీనిని తప్పించుటకు ఫాంటును పేర్కొని పుటతోపాటు పంపవలెను. గూగుల్ ఫాంట్లలో మండలి, రామభద్ర, ధూర్జటి, తిమ్మన మొదలగునవి ఉచితముగ లభించును. రామభద్ర వంటి బలిసిన అక్షరము శీర్షికకు తగును గాని, వ్యాసమంతయు దానితో నింపినచో కన్ను అలసిపోవును. మండలి చదువుటకు హాయిగ నుండును. అయితే దానికి ఒకే మందము గలదు. థీము "లావుగ చూపుము" అని ఆజ్ఞాపించినపుడు బ్రౌజరు ఉన్న అక్షరమునే అలికి లావు చేయును. నోటో సాన్స్ తెలుగు, నోటో సెరిఫ్ తెలుగులకు పలు మందములు గలవు గనుక ఆ దోషము లేదు. వాలుటక్షరములు మన సంప్రదాయములో లేవు. ఉల్లేఖనములను థీము వాల్చినచో ఆ వాలు తీసివేసి, ఎడమ ప్రక్క గీతతో వేరుపరచుట మంచిది. శీర్షికలలో అక్షరముల నడుమ ఎడము పెంచుట రోమను పెద్దక్షరములకు శోభ. తెలుగులో మాట ఎచ్చట ముగిసెనో తెలియకుండ చేయును.

మన సమాజములకు విశేషముగ వర్తించు విషయమొకటి గలదు. బళ్లారివారి పుటలో కన్నడపు దానపత్రభాగము వచ్చును. హోసూరువారి పుటలో తమిళపు ఊరిపేరు, బరంపురమువారి పుటలో ఒడియా పట్టా. తెలుగు, కన్నడ లిపులు అక్కచెల్లెండ్రు గదా. రెంటికి పొత్తులేని ఫాంట్లు పడినచో ఒకటి నల్లగ, ఇంకొకటి పలుచగ కనబడి పుట అతుకులబొంతయగును. నోటో కుటుంబములో ఈ లిపులన్నిటికిని పోలిన మందము, ప్రమాణము గల రూపములున్నవి. అట్టి భాగములకు భాషాసంకేతము కూడ పెట్టవలెను. గ్రుడ్డివారికి చదివి వినిపించు యంత్రములు దానిని బట్టియే గొంతు మార్చును.

శీర్షికలను కోయు థీముల నెన్నడును తీసికొనరాదు. 1991 నాటి యూనికోడ్ తొలి కూర్పునందే తెలుగునకు 128 స్థానములు గల విభాగము ఏర్పడినది. ఆ లెక్కలో "స్త్రీ" కంటికి ఒక అక్షరము, యంత్రమునకు ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము. యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్కదానికి మూడు బైట్లు, వెరసి 18. ఇంగ్లీషు అక్షరమునకు ఒక్క బైటు చాలును. కావున "ఇన్ని బైట్లు దాటిన కోయుము" అని వ్రాసిన థీము ఇంగ్లీషునకు హాని చేయదు. తెలుగునకు "స్" దగ్గరనో, అర్థము లేని గుర్తు దగ్గరనో మాటను నరుకును.

ఇక సవరణ. పలువురు థీము ఫైలును తెరచి అందులోనే అంకెలు మార్చుదురు. కొన్ని మాసములకు ఆ థీము క్రొత్త కూర్పు వచ్చును. పాత ఫైలుపై క్రొత్తది పడి మార్పులన్నియు తుడిచిపెట్టుకొని పోవును. అట్లు కాకుండుటకై చైల్డ్ థీమ్ అను ఏర్పాటు గలదు. వేరొక సంచిలో స్టైల్.సి.ఎస్.ఎస్. అను ఫైలుంచి, దాని తలభాగమున "టెంప్లేట్" అను పంక్తిలో మూలథీము సంచి పేరు వ్రాసి, మన మార్పులను ఈ సంచిలోనే ఉంచవలెను. మూలము ఎన్నిమారులు క్రొత్తదైనను ఇవి చెక్కుచెదరవు. 2022 జనవరి నాటి 5.9 కూర్పు నుండి బ్లాకు థీములకు పుటనంతను తెరపైననే సవరించు సౌకర్యము వచ్చినది. ఆ మార్పులు డేటాబేసులో నిలుచును గనుక క్రొత్త కూర్పు వచ్చినను పోవు. ప్రోగ్రామింగు తెలియనివారికి నేను ఈ రెండవ త్రోవనే సూచింతును.

వంశచరిత్రకు మరియొక సవరణ కావలెను. ఈ సాధనములు క్రొత్త వ్రాతను పైన, పాతదానిని అడుగున చూపుట యలవాటుగ గలవి. దినచర్యకు అది సరి. వలసకథకు ముత్తాత అడుగునకు పోవును. సెట్టింగులలో స్థిరమైన మొదటిపుట నేర్పరచి, అందు అధ్యాయములను వరుసగ పేర్కొనవలెను. "ఇంకను చదువుడు", "వెదకుడు" వంటి మాటలు తెలుగున కనబడుటకు సైటు భాషను తెలుగుగ మార్చవలెను. అనువాదము లేని థీములో అవి ఇంగ్లీషుననే నిలుచును, వాటిని చేతితో పూరింపవచ్చును. ప్రతి అధ్యాయము తలపై ఆ పెద్దవారి గొంతుతో చదివిన ఆడియో నొకటి చేర్చుటకు ఏ థీమైనను అడ్డు చెప్పదు. వినుచు అక్షరముల వెంట కన్ను నడుపు పిల్లవానికి పంక్తుల యెడము చాలినంత యున్నదో లేదో, వాని ఫోనులోనే తెరచి చూడవలెను.