లాక్రోస్ క్రీడ: శీలం, నిబద్ధత

క్రీడలు మనిషికి సద్గుణాలు నేర్పుతాయని పెద్దలు తరచుగా చెబుతారు. ఆ మాటలో సత్యం ఉంది; కాని సంపూర్ణ సత్యం లేదు. మహాభారతంలోని ఆదిపర్వమే ఇందుకు నిదర్శనం. పాండవులు, కౌరవులు హస్తినాపురంలో కలిసి ఆడుకుంటూ పెరిగారు. ప్రతి ఆటలోను భీముడిదే పైచేయి. ఓడినవారిని అతడు ఏడిపించేవాడు కూడా. ఆ ఆటలలోనే దుర్యోధనుని మనస్సులో ఈర్ష్య మొలకెత్తింది. అది పెరిగి పెరిగి ప్రమాణకోటి వద్ద భీమునికి విషాన్నం పెట్టించే దాకా వెళ్ళింది. కలిసి ఆడినంత మాత్రాన మైత్రి కలిగేదే అయితే కురుక్షేత్ర సంగ్రామం జరిగి ఉండేది కాదు. ఆట తనంత తానుగా శీలాన్ని ప్రసాదించదు. ఎవరి కోసం ఆడుతున్నాడు, ఎవరూ మెచ్చుకోని వేళ ఏమి చేస్తున్నాడు అన్నదానిని బట్టి ఆటగాని శీలం రూపొందుతుంది. ఈ విషయాన్ని విశదంగా చూపగల క్రీడలలో ఒకటి ఉత్తర అమెరికాలో పుట్టిన లాక్రోస్.

తెలుగునాట ఈ ఆట పేరు విన్నవారు తక్కువ. 2023 అక్టోబరులో ముంబయిలో సమావేశమైన అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్ క్రీడలలో క్రికెట్‌తో పాటు లాక్రోస్‌కు కూడా స్థానం కల్పించింది. 1904, 1908 ఒలింపిక్స్‌లో లాక్రోస్‌కు పతకాలు ఇచ్చారు. ఆ తరువాత అది పతకాల పోటీగా మళ్ళీ రావడానికి శతాబ్దానికి పైగా పట్టింది. ఈ ఆటలో ప్రతి ఆటగాని చేతిలోను చివర చిన్న వల బిగించిన కర్ర ఉంటుంది. గట్టి రబ్బరు బంతిని ఆ వలతోనే పట్టాలి, వలలోనే మోయాలి, వలతోనే విసరాలి. గోల్‌కీపర్ తప్ప మరెవ్వరూ బంతిని చేతితో తాకరాదు. పురుషుల ఆటలో సంప్రదాయికంగా జట్టుకు 10 మంది. మైదానం పొడవు 110 గజాలు, వెడల్పు 60 గజాలు. ఆరడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తు గల గోల్‌లోకి బంతిని పంపడమే లక్ష్యం. ఒలింపిక్స్ కోసం ఎంపిక చేసిన పద్ధతిలో జట్టుకు ఆరుగురే ఆడతారు.

ఐరోపావారు ఆ ఖండంలో అడుగుపెట్టడానికి ఎంతో ముందే అక్కడి ఆదివాసీ జాతులు ఈ ఆట ఆడేవి. ఆ జాతులలో హోడినోషోనీలు ప్రముఖులు. ఇతరులు వీరిని ఇరాక్వాయ్‌లు అని పిలిచారు. మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా, టస్కరోరా అనే ఆరు జాతుల సమాఖ్య వీరిది. వీరి దృష్టిలో లాక్రోస్ కేవలం వినోదం కాదు. సృష్టికర్త మానవులకు అనుగ్రహించిన కానుక. సమాజంలో ఒకరు జబ్బుపడితే వారి స్వస్థతను కోరి ఈ ఆట ఆడతారు. అందుకే దీనికి ‘ఔషధ క్రీడ’ అని మరొక పేరు. అటువంటి ఆటలో గెలుపోటములు ప్రధానం కావు. ఆడేవాడు తన శక్తిని ఇంకొకరి మేలు కోసం ధారపోస్తున్నాడన్న భావమే ప్రధానం. హికరీ అనే చెట్టు కొయ్యను చీల్చి, ఆవిరి పట్టి వంచి, నెలల తరబడి ఆరబెట్టి వారు కర్రను తయారు చేస్తారు. మగశిశువు పుట్టినప్పుడు చిన్న కర్రను కానుకగా ఇవ్వడం, ఆటగాడు మరణించినప్పుడు అతని కర్రను అతనితోనే సాగనంపడం వారి సంప్రదాయం. నిబద్ధత అనే మాటకు ఇంతకన్న నిండైన అర్థం దొరకడం కష్టం.

17వ శతాబ్దంలో ఈ ఆటను చూసిన ఫ్రెంచివారు వంపు తిరిగిన ఆ కర్రను బట్టి దీనికి లాక్రోస్ అని పేరు పెట్టారు. 1860 దశకంలో మాంట్రియల్ నగరానికి చెందిన దంతవైద్యుడు విలియం జార్జ్ బీర్స్ ఆట నియమాలను క్రోడీకరించాడు. 1890లో స్కాట్లాండులోని సెయింట్ లియోనార్డ్స్ బాలికల పాఠశాలలో స్త్రీల లాక్రోస్ మొదలైంది. అయితే ఈ వ్యాప్తిలో ఒక అన్యాయం కూడా చోటుచేసుకుంది. 1880లో కెనడాలోని జాతీయ సంఘం వేతనం తీసుకోని ఔత్సాహికులకు మాత్రమే పోటీలను పరిమితం చేసి, ఆ నెపంతో ఆదివాసీ ఆటగాళ్ళను దూరం పెట్టింది. ఆటను ఇచ్చినవారికే ఆటలో చోటు లేకపోయింది. నియమాలు వ్రాసుకున్నంత మాత్రాన న్యాయబుద్ధి అలవడదని ఈ చరిత్ర హెచ్చరిస్తున్నది.

నేడు అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఈ ఆట బాలబాలికలకు పాఠశాలల ద్వారాను, యువజన క్లబ్బుల ద్వారాను అందుతున్నది. పాఠశాలల పోటీలు వసంతకాలంలో జరుగుతాయి. క్లబ్బుల పోటీలు ఎక్కువగా వేసవిలోను, శరదృతువులోను జరుగుతాయి. క్లబ్బులో చేరాలంటే ఎంపిక పరీక్షలో నెగ్గాలి, రుసుము చెల్లించాలి, వారాంతాలలో దూరప్రాంతాలకు ప్రయాణించాలి. ఇంత శ్రమకోర్చి ఆడే పిల్లలకు ఆట ఏమి నేర్పుతుంది? దీనికి సమాధానం ఆట స్వరూపంలోనే ఉంది.

మొదటిది నేలబంతి. బంతి వలలో నుండి జారి నేలమీద పడినప్పుడు ఇరుపక్షాలవారు దాని కోసం పరుగెత్తుతారు. నడుము బాగా వంచి, కర్రను నేలకు ఆనించి, ప్రత్యర్థుల తాకిడిని ఓర్చుకొని దానిని ఎత్తుకోవాలి. ప్రేక్షకుల చప్పట్లు గోల్ చేసినవానికే దక్కుతాయి. వంగి బంతిని ఎత్తినవాని పేరు చాలామందికి గుర్తుండదు. అయినా నేలబంతులను దక్కించుకోలేని జట్టుకు గోల్ చేసే అవకాశమే రాదు. అనుభవజ్ఞులైన శిక్షకులు పిల్లల పట్టుదలను ఇక్కడే కొలుస్తారు.

రెండవది ఈ ఆటలోని ఒక విలక్షణ నియమం. సాధారణంగా బంతిని హద్దు దాటించిన జట్టు దానిని కోల్పోతుంది. కాని గోల్ వైపు విసిరిన బంతి గురి తప్పి హద్దు దాటితే, అది దాటిన చోటికి ఆ క్షణంలో ఎవరు అందరికన్న దగ్గరగా ఉంటారో వారి జట్టుకే బంతి లభిస్తుంది. కాబట్టి ఒకడు గోల్‌కు గురిపెట్టినప్పుడు అతని సహచరుడు గోల్ వెనుకకు పరుగెత్తి సిద్ధంగా ఉండాలి. గురి కుదిరితే ఆ పరుగు వృథా. కుదరకపోతే ఆ పరుగే జట్టును కాపాడుతుంది. తోటివాని పొరపాటును ఎత్తిచూపడానికి బదులు దానిని సరిదిద్దడానికి ముందుగానే సిద్ధపడడం గొప్ప సంస్కారం. లాక్రోస్ దానిని ఒక నియమం ద్వారా అలవాటు చేస్తున్నది.

మూడవది శిక్షా విధానం. పురుషుల ఆటలో కర్రతో ప్రత్యర్థిని అడ్డదిడ్డంగా కొట్టినా, అనుచితంగా ప్రవర్తించినా ఆ ఆటగాడు కొంతసేపు మైదానం విడిచి వెలుపల కూర్చోవాలి. చిన్న తప్పుకు 30 సెకన్లు, పెద్ద తప్పుకు 1 నుండి 3 నిమిషాలు శిక్ష. ఆ సమయంలో అతని స్థానంలో మరొకరు ఆడరాదు. జట్టంతా ఒక మనిషి తక్కువగా పోరాడుతూ ఉండగా తప్పు చేసినవాడు చూస్తూ కూర్చోవాలి. ఒకని కోపానికి మూల్యం చెల్లించేది అందరూ అని చెప్పడానికి ఇంతకు మించిన పాఠం అవసరం లేదు.

నాలుగవది గోడతో సాధన. ఇంటి వెనుక గోడకు బంతిని విసరి, తిరిగి వచ్చినప్పుడు వలలో పట్టడం లాక్రోస్ అభ్యాసంలో మూలమైనది. కుడిచేతితో ఎన్నిసార్లు చేస్తే ఎడమచేతితో అన్నిసార్లు చేయాలి. అక్కడ శిక్షకుడు ఉండడు, ప్రేక్షకులు ఉండరు. గోడకు పక్షపాతం లేదు. ఎలా విసిరితే అలా తిరిగి ఇస్తుంది. నిబద్ధత ప్రతిజ్ఞలలో గాక ఇటువంటి ఏకాంత సాధనలో తెలుస్తుంది.

దురదృష్టవశాత్తు ఈ ‘నిబద్ధత’ అనే మాటకు క్లబ్ క్రీడలలో వేరొక అర్థం ఏర్పడింది. ఫలానా కళాశాల జట్టులో చేరుతానని ఆటగాడు ముందుగా ఇచ్చే మాటను అమెరికాలో ఆ పేరుతోనే వ్యవహరిస్తారు. కళాశాల శిక్షకులు పోటీపడి ఇంకా ఇంకా చిన్న వయస్సు వారిని ఎంచుకోసాగారు. క్రమంగా 8వ, 9వ తరగతుల పిల్లలు సైతం ఇటువంటి మాట ఇచ్చే పరిస్థితి వచ్చింది. ఆ మాటకు చట్టబద్ధత లేదు. కళాశాల అయినా, విద్యార్థి అయినా దానిని విడిచిపెట్టవచ్చు. ఎదుగుదల పూర్తికాని పిల్లలు, తాము ఏమి చదవదలచుకున్నారో ఇంకా ఎరుగని పిల్లలు నాలుగైదేళ్ళ తరువాతి జీవితాన్ని ముందే నిర్ణయించుకోవలసి వచ్చింది. వేసవి పోటీలు ఆటస్థలాలుగా గాక అంగళ్ళుగా మారసాగాయి. సహచరునికి బంతి అందించడం కన్న శిక్షకుల కంట పడడమే ముఖ్యమనిపించే వాతావరణంలో శీలం ఎలా పెరుగుతుంది?

ఈ ధోరణిని సరిదిద్దడానికి శిక్షకుల సంఘాలే ముందుకు రావడం గమనింపదగినది. వారి ప్రతిపాదన మేరకు 2017లో అమెరికా కళాశాల క్రీడల జాతీయ సంఘం తన ప్రథమ శ్రేణి కళాశాలలకు ఒక నియమం చేసింది. విద్యార్థి 11వ తరగతిలో సెప్టెంబరు 1వ తేదీకి ముందు కళాశాల శిక్షకులు అతనితో ఎంపిక విషయమై సంప్రదింపులు జరపరాదు. 11వ తరగతి అంటే తెలుగు రాష్ట్రాలలో ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరానికి సమానం. బాల్యాన్ని భవిష్యత్తుకు తాకట్టు పెట్టే తొందర ఒక దేశానికో, ఒక క్రీడకో పరిమితమైనది కాదు. కనుక ఈ నియమం వెనుక ఉన్న వివేకం ఇక్కడి విద్యార్థులకు, తల్లిదండ్రులకు కూడా ఆలోచింపదగినది.

నిజమైన నిబద్ధత ఎలా ఉంటుందో తెలిపే రెండు సంఘటనలు లాక్రోస్ చరిత్రలోనే ఉన్నాయి. హోడినోషోనీలు 1983లో తమ సొంత జట్టును ఏర్పరచుకొని, అంతర్జాతీయ పోటీలలో తమ జాతి పేరుతోనే ఆడుతూ వచ్చారు. 2010లో ఇంగ్లాండులోని మాంచెస్టర్‌లో ప్రపంచ పోటీలు జరిగాయి. హోడినోషోనీ సమాఖ్య ఇచ్చిన పాస్‌పోర్టులను బ్రిటన్ అంగీకరించలేదు. అమెరికా లేదా కెనడా పాస్‌పోర్టుతో వెళ్ళడానికి ఆటగాళ్ళు ఒప్పుకోలేదు. తమ ఉనికిని వదులుకొని ఆడడం కన్న ఆటనే వదులుకోవడం మేలని భావించి వారు ఆ పోటీలకు దూరమయ్యారు.

రెండవ సంఘటన 2020 నాటిది. అమెరికాలోని బర్మింగ్‌హామ్ నగరంలో జరగవలసిన ప్రపంచ క్రీడలకు ఎనిమిది జట్లను ఎంపిక చేశారు. 2018 ప్రపంచ పోటీలలో మూడవ స్థానం పొందినప్పటికీ హోడినోషోనీల జట్టుకు తొలుత అర్హత లేదన్నారు. నిరసనల తరువాత నిర్వాహకులు మనసు మార్చుకున్నారు. కాని అప్పటికే ఖాళీ లేదు. అప్పుడు ఐర్లాండు జట్టు తన స్థానాన్ని స్వచ్ఛందంగా విడిచిపెట్టింది. ఆ చోటులో హోడినోషోనీలు 2022లో జరిగిన ఆ క్రీడలలో ఆడారు. ఎంతో సాధనతో సంపాదించుకున్న అవకాశాన్ని న్యాయం కోసం వదులుకోవడం సామాన్యమైన త్యాగం కాదు. 1880లో ఒక సంఘం మూసిన తలుపును 2020లో ఒక జట్టు తన వంతుగా తెరిచింది.

జట్టు కోసం నేలబంతికి వంగిన నడుము, సహచరుని గురి తప్పవచ్చునని గోల్ వెనుకకు తీసిన పరుగు, న్యాయం కోసం విడిచిపెట్టిన స్థానం: ఈ మూడింటిలోను ఉన్నది ఒకటే గుణం. తనకన్న పెద్దదైన దానికి తనను తాను అప్పగించుకోవడమే నిబద్ధత. అది నిత్యాభ్యాసంతో స్వభావంగా మారినప్పుడు శీలం అనిపించుకుంటుంది. యౌవనంలో ఆడే ఆటలు కొన్నేళ్ళకు ముగుస్తాయి, పతకాలు వెలవెలబోతాయి. ఆ ఆటలలో అలవడిన స్వభావం మాత్రం మనిషి వెంట జీవితాంతం నడుస్తుంది.