లారీ వదిలి పారిపోతే కేసు పోతుందా?

రోడ్డు ప్రమాదం వార్త ఏది చూసినా చివరి వాక్యం తరచు ఒకటే: డ్రైవరు పరారీలో వున్నాడు. హైదరాబాదు–విజయవాడ రహదారి పక్క పల్లెలకు ఈ మాట కొత్త కాదు. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల్లో సిమెంటు లారీలు నడిపే కుర్రాళ్ళలో ఈ పల్లెల వారూ వున్నారు. గుద్దినవాడిదీ పల్లే, దెబ్బతిన్నవాడిదీ పల్లే.

డ్రైవరు ఎందుకు పారిపోతాడు? జనం కొడతారని. ఆ భయం ఉత్తది కాదు. చట్టానికీ ఆ సంగతి తెలుసు. 1988 మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను ప్రకారం గాయపడినవారిని వైద్యుని దగ్గరకు చేర్చడం డ్రైవరు విధి. జనాగ్రహం వల్ల అది సాధ్యం కాకపోతే మినహాయింపు కూడా ఆ సెక్షనులోనే వుంది. అయితే అక్కడి నుంచి తప్పుకున్నవాడు ఇంటికి పోరాదు. దగ్గరి పోలీసు స్టేషనుకు పోయి జరిగింది చెప్పాలి. ఎంత ఆలస్యమైనా 24 గంటలు దాటకూడదు. ప్రాణభయంతో తప్పుకోవడం వేరు, పరారీ కావడం వేరు. దారిలో 108కి ఫోను చేసి వుంటే అది అవతలివాడి ప్రాణానికీ మంచిది, తర్వాత ఇతని కేసుకూ మంచిదే.

అసలు చిక్కు ఈ 24 గంటల్లోనే వస్తుంది. యజమానికి ఫోను చేయగానే "నువ్వు కనబడకు, నేను చూసుకుంటా" అనడం వుంది. లైసెన్సు సరిగా లేనివాడికి బదులు లైసెన్సున్న మరొకణ్ణి స్టేషనుకు పంపడమూ వుంది. చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర కెమెరాలున్న ఈ రోజుల్లో ఈ ఎత్తు ఎంతకాలం నిలుస్తుంది? బయటపడితే ఒక కేసు రెండవుతుంది, పాపం ఆ బదులు వెళ్ళినవాడు కూడా ఇరుక్కుంటాడు.

2024 జులై 1 నుంచి ఐ.పి.సి. స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే పాత చట్టంలో రెండేళ్ళ వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ వుండేవి. కొత్త చట్టం 106వ సెక్షను కింద అయిదేళ్ళ వరకు జైలుతో పాటు జరిమానా కూడా. "ఒప్పేసుకో, ఫైను కట్టి పోదువుగాని" అనే పాత సలహా ఇక పనికిరాదు. పైగా ఆ ఒప్పుకోలును నష్టపరిహారం కేసులో సాక్ష్యంగా చూపవచ్చు. అయితే ఈ నేరం బెయిలు ఇవ్వదగినదే. పారిపోయి చెప్పకుండా వుంటే పదేళ్ళనే రెండో భాగంపై 2024 జనవరిలో డ్రైవర్లు సమ్మెకు దిగారు. పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన సంగతి చాలామందికి గుర్తే. జులైలో సంహిత అమలులోకి వచ్చినప్పుడు ఆ భాగాన్ని పక్కన పెట్టారు. దాన్ని చూసి పారిపోవచ్చని అనుకోరాదు. 134వ సెక్షను ఎప్పుడూ వుంది.

పెద్దమనుషుల రాజీ సంగతి మరొకటి. రచ్చబండ దగ్గర డబ్బిచ్చి కాగితం రాయించుకుంటే కేసు పోయిందనుకుంటారు. మరణం కేసు అలా రాజీపడే నేరం కాదు. నష్టపరిహారాన్ని మాత్రం లోక్ అదాలత్‌లో పరిష్కరించుకోవచ్చు, అక్కడి అవార్డు కోర్టు డిక్రీతో సమానం.

ఆ పరిహారం దావాలో డ్రైవరునూ ప్రతివాదిగా చేరుస్తారు. నోటీసు వస్తే "యజమాని చూసుకుంటాడు" అని చూరులో దోపేవారున్నారు. నోటీసు పుచ్చుకోకపోయినా కేసు ఆగదు, ఎక్స్‌పార్టీగా నడుస్తుంది. బీమా కంపెనీకి రాతమూలకంగా కబురు పెట్టడం కూడా 134వ సెక్షనులో వున్నదే: పాలసీ నంబరు, తేదీ, వేళ, స్థలం, గాయపడినవారి వివరాలు, డ్రైవరు లైసెన్సు. 2022 నిబంధనల ప్రకారం డ్రైవరు మూడవ ఫారం, యజమాని నాలుగవ ఫారం 30 రోజుల్లో దర్యాప్తు అధికారికి ఇవ్వాలి.

లైసెన్సు సరైనది కాకపోతే కంపెనీ బాధితులకు చెల్లించి, ఆ సొమ్ము యజమాని నుంచి రాబట్టుకోమని కోర్టులు చెప్పిన సందర్భాలు చాలా వున్నాయి. పొలం అమ్మి లారీ కొన్నవాడికి ఇది చిన్న మాట కాదు. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని బండికి తేలిక వాహనం లైసెన్సు చాలునని సుప్రీంకోర్టు 2024 నవంబరు 6న తీర్పు చెప్పింది. పది టైర్ల లారీకి అది వర్తించదు.

స్టేషనులో తెల్లకాగితం మీద సంతకం పెట్టరాదు. వకీలుకు డబ్బు లేకపోతే న్యాయసేవాధికార సంస్థను అడగవచ్చు. కస్టడీలో వున్నవాడికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలునిస్తారు.

చాలామంది డ్రైవర్లకు తెలియనిది ఇంకొకటుంది. ప్రమాదంలో తనకే కాలో చెయ్యో పోతే, తప్పు తనదే అయినా, యజమాని నుంచి పరిహారం కోరవచ్చు. తాగి నడిపిన సందర్భం వంటి కొన్ని మినహాయింపులు లేకపోలేదు.  దరఖాస్తుకు గడువు వుంటుంది.