క్రియారంభ ద్యోతనము: ఆంగ్ల కిర్గిజు భాషల తీరు

క్రియకు మొదలు, నడిమి, తుద యని మూఁ డవస్థలు గలవు. వానిలో మొదటిదగు నారంభమును వేఱుగఁ జెప్పవలసి వచ్చినపు డే భాష యే యుపాయము నవలంబించునో పరికించుట శాబ్దికులకు వినోదమాత్రము గాదు. భాషాంతరీకరణము చేయువారికిఁ గడు నావశ్యకము.

పాణిని యీ దశను 'ఆదికర్మ' మనెను. అష్టాధ్యాయిలో (3-4-71) ఆదికర్మార్థమున విహితమైన క్తప్రత్యయము కర్తనుఁ గూడఁ దెలుపునని విధింపఁబడినది. మఱియొకచోట (1-3-42) ప్ర, ఉప యను నుపసర్గములతోఁ గూడిన క్రమ్ ధాతువునకు ఆత్మనేపదము విహితము. అచట నర్థ మారంభమని వ్యాఖ్యాతలు వివరించిరి. అడుగువేయుట యను నర్థముగల ధాతువే యారంభమును దెలుపుట గమనింపఁదగినది. ఇట్టి సంక్రమణ మితర భాషలయందును గలదు.

ఆంగ్లమున నారంభమునకు 'బిగిన్', 'స్టార్ట్', 'కమెన్స్' అను మూఁడు క్రియలు ముఖ్యములు. మొదటిది దేశ్యము. మూఁడవది ఫ్రెంచినుండి వచ్చి సభలకును శాసనములకును దగియున్నది. 'స్టార్ట్' అనుదానికిఁ బూర్వార్థము దుముకుట, ఉలికిపడుట. ఆ రెండవ యర్థము నేఁటికిని నిలిచియున్నది. కావుననే ప్రయాణమునకును యంత్రమునకును నిదియే చెల్లును. ఇంజను 'స్టార్ట్' అగునేకాని 'బిగిన్' కాదు. వీనివెంట వచ్చు క్రియ 'టు' తోఁగాని 'ఇంగ్' ప్రత్యయముతోఁగాని యుండును. పెక్కుచోట్ల భేదము లేదు. అయినను 'స్టార్టెడ్ టు స్పీక్' అన్నపుడు నోరు దెఱచి యంతలో మానుకొన్నాఁడనుట కవకాశము గలదు. 'స్టార్టెడ్ స్పీకింగ్' అన్నచో మాట సాగినట్లే తోఁచును. ఆకస్మికారంభమునకు 'బరస్ట్', అనఁగాఁ బగులుట, అను క్రియ వేఱుగఁ గలదు: 'బరస్ట్ ఇన్‌టు టియర్స్'. అన్నిటను కాలము నారంభక్రియయే వహించును. అది ముందు నిలుచును.

కిర్గిజు తుర్కీ కుటుంబములోనిది. మధ్యాసియాలో తియాన్ షాన్ పర్వతప్రాంతముల వారి భాష. అందుఁ గాలమును బురుషను దెలుపు క్రియ వాక్యాంతమున నుండును. ప్రధానక్రియ క్త్వార్థకమువంటి రూపముతో ముందు వచ్చును. 'ఒకుయ్ బష్తది' యనఁగా చదువఁదొడఁగెను. 'బష్' అనఁగాఁ దల. దానిపై ప్రత్యయము చేరి 'బష్తా', ఆరంభించు, అయినది. తెలుఁగున 'తలపెట్టు', 'తలకొను' అను మాటల నెఱిఁగినవారి కిది వింత గాదు. అయినను మన 'మొదలు' చెట్టు మూలమునుండి వచ్చినది. ఒకే భావమును తెలుఁగు తలతోను మొదలుతోను గూడఁ జెప్పుచున్నది.

కిర్గిజులో నిదియొక్కటియే మార్గము గాదు. 'కిర్', ప్రవేశించు, అను క్రియ 'ప్' అంతమైన రూపముతోఁ గలసి పనిలోఁ జొచ్చుటను దెలుపును. 'జమ్‌గిర్ జాయ్ బష్తది' యన్నచో వాన కురియ నారంభించెను. 'జమ్‌గిర్ జాప్ కిర్ది' యన్నచో నది కురియుటలోఁ బడినది. ఇఁక 'జిబెర్' అను క్రియకుఁ బంపుట, విడుచుట యర్థము. 'కులుప్ జిబెర్ది' యనఁగా ఆపుకొనలేక నవ్వు విడిచెను. 'ఇయ్‌లప్ జిబెర్ది' యనఁగా నొక్కసారిగా నేడ్చెను. ఆంగ్లము పగులుటగాఁ జెప్పినదానిని కిర్గిజు విడుచుటగాఁ జెప్పినది.

అనువాదకున కిచటనే చిక్కు. 'కులుప్ జిబెర్ది' యను దానికిని 'నవ్వుట ప్రారంభించెను' అని వ్రాసినచో వ్యాకరణము నిలుచును, నవ్వు చచ్చును. తెలుఁగున 'ఫక్కున నవ్వెను', 'గొల్లున నేడ్చెను' అను ననుకరణపదములే తగిన యుపాయము. అట్లే 'ఒకుయ్ బష్తది'కి 'చదువఁదొడఁగెను', 'చదువసాగెను' అనునవి క్రమముననుఁ గూడ సరిపోలును. ముందు ప్రధానక్రియ, పిదప నారంభక్రియ. ఇందు తెలుఁగు ఆంగ్లమునకంటెఁ గిర్గిజునకే సమీపము. కిర్గిజు రచయిత చింగీజ్ ఐత్మాతోవ్ (1928–2008) వ్రాసిన 'జమీల్యా' (1958) తెలుఁగున వెలువడియున్నది. ఇట్టి గ్రంథములు నడుమ మఱియొక భాషను దాఁటి వచ్చినపుడు ఈ భేదములు మొదట నణఁగిపోవును.

కావున నారంభవాచకము గనఁబడినంతనే 'ప్రారంభించెను' అని వ్రాయక, ఆ యారంభము అడుగువేయుటయో, చొచ్చుటయో, ఆపలేక విడుచుటయో తొలుత నిర్ణయించుకొనవలయును. ఆ నిర్ణయము కుదిరినచోఁ దెలుఁగుమాట తానే దొరకును.