ఆలస్యంగా గడ్డకట్టే సముద్రం

గురజాల నుంచి ఒక పాఠకుడు రాశారు: "ఉత్తర ధ్రువం దగ్గర మంచు కరిగిపోతోందని మీరే రాస్తారు. మరి తిమింగలాలు మంచులో ఇరుక్కుపోయాయని అప్పుడప్పుడూ వార్తలు వస్తుంటాయే! మంచే లేకపోతే అవి ఎందులో ఇరుక్కున్నట్టు? మొన్న పుష్యమాసంలో మా ఊళ్లో రెండు దుప్పట్లు కప్పుకున్నా వణుకు ఆగలేదు. ఈ భూతాపం మాట ఎంతవరకు నమ్మాలి?"

ఆంధ్రాలో ఎండ ఎంత కాసిందో తెలుసుకోవాలంటే అందరూ ముందు చూసేది రెంటచింతల లెక్క. ఆ పక్క ఊరి నుంచే ఈ ప్రశ్న వచ్చింది. ఈ నెలకు రాద్దామనుకున్న విషయాన్ని వెంటనే పక్కన పెట్టేశాను. ఎందుకంటే దీనికి జవాబు సముద్రపు నీళ్లు గడ్డకట్టే తీరులో ఉంది. భౌతికశాస్త్రంలో నాకు అంతకన్నా ఇష్టమైన సంగతి మరొకటి లేదు.

ముందు ఆ వార్తల సంగతి. 2013 జనవరిలో కెనడాలో, హడ్సన్ అఖాతం తూర్పు ఒడ్డునున్న ఇనుక్‌జువాక్ అనే ఇన్యూట్ల ఊరి దగ్గర పది పన్నెండు కిల్లర్ వేల్స్ కనిపించాయి. చుట్టూ మంచు. మధ్యలో ఒకే ఒక్క కంత, ఒక ట్రక్కు పట్టేంత. అందులోంచే వంతులవారీగా తల పైకెత్తి ఊపిరి పీల్చుకుంటున్నాయి. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. రెండు మూడు రోజుల్లో మంచు విచ్చుకోవడంతో అవి వెళ్లిపోయాయి. జపాన్‌లో హొక్కైడో దీవి, రౌసు తీరాన 2005 ఫిబ్రవరిలో చిక్కుకున్నవాటికి ఆ అదృష్టం దక్కలేదు. వాటిలో తొమ్మిది చనిపోయాయి. 2024 ఫిబ్రవరిలో అదే తీరాన మళ్లీ పదికి పైగా చిక్కుకుని, ఎలాగో బయటపడ్డాయి.

భూతాపం గురించిన మొదటి పాఠాలు ఈ పత్రిక చదివేవారికి కొత్త కాదు కాబట్టి రెండు అంకెలతో సరిపెడతాను. ఆర్కిటిక్ సముద్రంలో వేసవి చివర మిగిలే మంచు 2012 సెప్టెంబరులో సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయింది. 1979లో ఉపగ్రహాలతో వరసగా కొలవడం మొదలుపెట్టాక అంత తక్కువ మరెప్పుడూ లేదు. చలికాలంలో పెరిగే మంచు చూస్తే, 2025 మార్చిలో అది 143 లక్షల చదరపు కిలోమీటర్ల దగ్గరే ఆగిపోయింది. అన్నేళ్ల కొలతల్లో చలికాలపు గరిష్ఠం అంత తక్కువగా ఉండటం అదే మొదలు. ఇనుక్‌జువాక్ దగ్గర తిమింగలాలు ఇరుక్కున్నది సరిగ్గా ఆ 2012 వేసవి వెనకాలే వచ్చిన చలికాలంలో. ఈ రెండూ ఒకదానికొకటి పొసగవని చాలామంది అనుకున్నారు. అసలు విషయం నీటి గుణంలో ఉంది.

మంచినీళ్లు చల్లబడేకొద్దీ సాంద్రత పెరిగి కిందికి దిగుతాయి, కానీ 4 డిగ్రీల దాకానే. అక్కడి నుంచి ఇంకా చల్లబడితే తేలికై పైనే ఉండిపోతాయి. కాబట్టి సరస్సులో పైన పలచటి పొర సున్నాకు దిగితే చాలు, మంచు కడుతుంది. అడుగు నీళ్లు అప్పటికీ 4 డిగ్రీల దగ్గరే ఉంటాయి. ఉప్పు ఈ లెక్కనంతా మార్చేస్తుంది. కిలో నీటిలో ఉప్పు దాదాపు 25 గ్రాములు దాటిందంటే ఆ 4 డిగ్రీల మలుపు మాయమవుతుంది. సముద్రంలో సగటున 35 గ్రాములుంటుంది. అందుకని సముద్రపు నీళ్లు గడ్డకట్టే చివరి క్షణం దాకా బరువెక్కుతూనే ఉంటాయి. అవి గడ్డకట్టేది మైనస్ 1.8 డిగ్రీల దగ్గర.

ఇందులోంచి ఏం పుడుతుందో చూడండి. పైన చల్లబడ్డ నీళ్లు దిగిపోతాయి, కిందనున్న వెచ్చటివి పైకొస్తాయి. అవీ చల్లబడి దిగుతాయి, మళ్లీ వెచ్చటివి వస్తాయి. పదుల మీటర్ల మందం ఉండే పై పొర మొత్తం మైనస్ 1.8 దగ్గరకు చేరేదాకా ఈ తిరుగుడు ఆగదు, మంచు నిలవదు. పైగా నీళ్లు దాచుకునే వేడి తక్కువేమీ కాదు. ఒక ఘనపు మీటరు నీళ్లు ఒక్క డిగ్రీ చల్లబడితే బయటికొచ్చే వేడి 3 వేల ఘనపు మీటర్ల గాలిని ఒక డిగ్రీ వేడెక్కిస్తుంది. పల్నాడులో నాపరాళ్లు పరిచిన డాబా మే నెలలో పొద్దుగూకాక కూడా గంటల తరబడి పాదాలను కాల్చినట్టు, వేసవిలో మంచు లేక ఎండకు బాహాటంగా పడి ఉన్న సముద్రం ఆ వేడిని డిసెంబరు దాకా కక్కుతూనే ఉంటుంది. మంచు కప్పి ఉంటే ఆ ఎండలో చాలాభాగం ఆకాశంలోకే తిరిగిపోయేది. నల్లటి నీళ్లు తొంభై శాతానికి పైగా మింగేస్తాయి.

ఈ ఉప్పునీటి విషయంలో పెద్దపెద్దవాళ్లే తప్పులో కాలేశారు. ఉప్పునీళ్లు గడ్డకట్టవనీ, ఆర్కిటిక్‌లో కనిపించే మంచంతా నదులు మోసుకొచ్చిందేననీ 18వ శతాబ్దంలో స్విట్జర్లాండ్‌కు చెందిన శామ్యూల్ ఎంగెల్ వాదించాడు. ఇంగ్లండ్‌లో డేన్స్ బారింగ్టన్ అనే న్యాయవాది ఆ మాట పట్టుకుని రాయల్ సొసైటీని కదిలించాడు. ఒడ్డు దాటి లోపలికి వెళితే ధ్రువం దాకా మంచు లేని సముద్రమేనన్నది వాళ్ల నమ్మకం. 1773లో కెప్టెన్ ఫిప్స్ రెండు ఓడలతో బయలుదేరాడు. స్వాల్‌బార్డ్ దీవులకు ఉత్తరాన ఆ ఓడలు మంచులో ఇరుక్కుని, చచ్చీచెడీ బయటపడ్డాయి. తర్వాతి కాలంలో మహా నౌకాసేనానిగా పేరుపొందిన నెల్సన్ అప్పుడు పద్నాలుగేళ్ల కుర్రాడు, అందులో ఒక ఓడలో ఉన్నాడు. అయినా ఆ నమ్మకం చావలేదు. జర్మన్ భూగోళ పండితుడు పీటర్‌మన్ దాన్ని వందేళ్ల తర్వాత కూడా ప్రచారం చేశాడు. 1879లో జెన్నెట్ అనే అమెరికా ఓడ ఆ భరోసాతోనే బేరింగ్ జలసంధి దాటింది. సెప్టెంబరులో మంచు దాన్ని పట్టుకుంది. 1881 జూన్‌లో నలిపి ముంచింది. ఉన్న 33 మందిలో 20 మంది చనిపోయారు. మన ఐసు ఫ్యాక్టరీలో డబ్బాలు ముంచే తొట్టిలో ఉప్పునీళ్లు గడ్డకట్టకుండా ఉండటం నిజమే. కానీ అందులో ఉప్పు సముద్రంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇప్పుడు తిమింగలాల దగ్గరకు వద్దాం. సముద్రంలో వేడి తక్కువగా మిగిలిన ఏడాది మంచు తొందరగా మొదలవుతుంది. అప్పటికి గాలిలో చలి ఇంకా ముదరదు. మైనస్ 5 డిగ్రీల దగ్గర మొదటి రోజు రెండు మూడు సెంటీమీటర్ల మంచు కడుతుంది. ఒడ్డున మొదలై మెల్లగా లోపలికి జరుగుతుంది. తిమింగలాలకు కావలసినంత వ్యవధి ఉంటుంది, బయలుదేరి వెళ్లిపోతాయి. సముద్రం వెచ్చగా ఉన్న ఏడాది అలా కాదు. వారాల తరబడి మంచు జాడే ఉండదు, మేత దొరుకుతుంటుంది, కదలాల్సిన అవసరం కనిపించదు. ఈలోగా గాలి మైనస్ 30కి దిగుతుంది. కింద సముద్రపు పై పొర అంతా గడ్డకట్టే అంచుకు వచ్చి నిలబడి ఉంటుంది. గాలి పడిపోయిన ఒక్క రాత్రి చాలు, కనుచూపు మేర ఒకేసారి బిగుసుకుపోతుంది. మొదటి రోజే దాదాపు తొమ్మిది పది సెంటీమీటర్లు. 1891లో జోసెఫ్ స్టెఫాన్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త దీని లెక్క తేల్చాడు. కట్టిన మంచే కింది నీళ్లకు దుప్పటి అవుతుంది కాబట్టి మందం రెట్టింపు కావాలంటే నాలుగింతల కాలం పడుతుంది. అంటే పలచటి మంచు అతివేగంగా పెరుగుతుంది. ఎంత ఎక్కువ కరిగితే, ఆ చలికాలంలో కొత్త మంచు అంత ఎక్కువగా పుడుతుందన్నమాట. 2013లో మంచు కొంత కోలుకోగానే ఒక బ్రిటిష్ పత్రిక భూమి చల్లబడుతోందని పెద్ద అక్షరాలతో అచ్చేసింది. స్టెఫాన్ సూత్రం చదివినవారెవరూ ఆ మాట రాయరు. అటువైపు, 2016కల్లా ఆర్కిటిక్‌లో వేసవి మంచే ఉండదని చెప్పిన కేంబ్రిడ్జి ఆచార్యుడు పీటర్ వాడమ్స్ లెక్కా తప్పింది. దానివల్ల సందేహించేవాళ్లకే బలం చేకూరింది.

కిల్లర్ వేల్స్‌కు ఇంకో ఇబ్బంది ఉంది. మగవాటి వీపు మీద రెక్క ఆరడుగుల దాకా నిటారుగా నిలబడుతుంది. బోహెడ్, బెలుగా, నార్వాల్ అనే అసలైన మంచు తిమింగలాలకు ఆ రెక్కే లేదు. బోహెడ్ అయితే అడుగు మందం మంచును తలతో పగలగొట్టగలదు. అందుకని హడ్సన్ జలసంధిలో మంచు దట్టంగా ఉన్నంతకాలం కిల్లర్ వేల్స్ ఆ అఖాతంలోకి వచ్చేవి కావు. మంచు తగ్గేకొద్దీ అవి అక్కడ ఎక్కువగా కనబడుతున్నాయని హిగ్డన్, ఫెర్గూసన్ అనే పరిశోధకులు 2009లో చూపించారు. ఆ తోవే తెలియని అతిథులు ఇరుక్కోవడంలో వింతేముంది?

అయితే నిజాయితీగా ఒక మాట చెప్పాలి. తిమింగలాలు ఇరుక్కోవడం పాత సంగతే. గ్రీన్‌లాండ్‌లో దాన్ని 'సావ్సాట్' అంటారు. 1915లో డిస్కో అఖాతంలో వెయ్యికి పైగా నార్వాల్స్ అలా చిక్కుకున్నాయని డెన్మార్క్ శాస్త్రవేత్త పోర్సిల్డ్ రాశాడు. కాబట్టి ఒక్క మంద ఇరుక్కుందని భూతాపం అబద్ధమనడం ఎంత తప్పో, నిజమనడం అంతే తప్పు. గురజాలలో ఒక్క పుష్యమాసపు చలీ అంతే. చూడవలసింది ఏటా మంచు కట్టే తేదీలను. 2008 నవంబరులో కెనడాలోని పాండ్ ఇన్‌లెట్ దగ్గర ఆరొందలకు పైగా నార్వాల్స్ చిక్కుకున్నాయి. ఇక బతకవని తేలాక ఇన్యూట్లు వాటిని వేటాడారు. ఆ తర్వాత మరో రెండుచోట్ల ఇలాగే జరిగితే శాస్త్రవేత్త క్రిస్టిన్ లెయిడ్రె బృందం ఉపగ్రహాల తేదీలు తిరగేసింది. 1979 నుంచి ఆ తావుల్లో మంచు కట్టడం వారాల తరబడి వెనక్కి జరిగింది. మామూలుగా ఖాళీ చేసి వెళ్లవలసిన వేసవి తావుల్లోనే అవి పట్టుబడ్డాయి.

1988 కూడా గుర్తు చేయాలి. ఆ జూన్ 23న వాతావరణ శాస్త్రవేత్త జేమ్స్ హాన్సెన్ అమెరికా సెనేట్ సంఘం ముందు భూమి వేడెక్కుతోందని చెప్పాడు. అక్టోబరులో అలాస్కాలోని బారో దగ్గర మూడు బూడిద తిమింగలాలు మంచులో చిక్కుకుంటే ప్రపంచమంతా టీవీల ముందు కూర్చుంది. చివరికి సోవియట్ ఓడలు వచ్చి మంచు చీల్చాయి. రెండు బయటపడ్డాయి. హాన్సెన్ మాటకు అందులో పదో వంతు శ్రద్ధ దక్కి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ బాధ.

ఆర్కిటిక్ సంగతితో మనకేం పని అంటారా? మన దేశపు ఆర్కిటిక్ పరిశోధన కేంద్రం హిమాద్రి 2008 నుంచి స్వాల్‌బార్డ్‌లో ఉంది. 2014లో ఇండార్క్ అనే పరికరాల తాడును అక్కడి సముద్రంలో దింపారు. ఆర్కిటిక్ మంచు తగ్గడానికీ, మన దేశంలో సెప్టెంబరు కుంభవృష్టికీ సంబంధం ఉండవచ్చని గోవాలోని ధ్రువ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 2021లో రాశారు. పత్తి కాయ పగిలే వేళకు వాన పడితే ఏమవుతుందో పల్నాడు రైతుకు ఒకరు చెప్పనక్కర్లేదు. కానీ మన పత్రికలు రెంటచింతల పగటి ఎండనే అచ్చేస్తాయి. వేడి ఎంత నిలిచిపోతోందో చెప్పేది రాత్రి కనిష్ఠమే అయినా, అది ఎంతో వేయవు.

తిమింగలాలు మాత్రం మనకు కొలతలు పంపుతున్నాయి. చలికాలంలో బాఫిన్ అఖాతంలోకి ఓడలు వెళ్లడం దుర్లభం. అందుకని లెయిడ్రె బృందం నార్వాల్స్‌కు థర్మామీటర్లు కట్టి వదిలింది. అవి 1,700 మీటర్లకు పైగా లోతుకు మునిగి, పైకొచ్చినప్పుడల్లా ఉపగ్రహానికి లెక్క అందించాయి. అడుగు నీళ్లు పాత కొలతలకన్నా వెచ్చగా ఉన్నాయని 2010లో ఆ లెక్కలు అచ్చయ్యాయి.