నాలుగు మంచి మాటలు.. అడిగే తీరు, రాసే తీరు

యాదగిరిగుట్ట: పుణ్యక్షేత్రంలో నివసించే వారికి సిఫారసు లేఖ కొత్త కాదు. ప్రత్యేక దర్శనం కోసం ప్రజాప్రతినిధుల సంతకంతో తెచ్చే కాగితాలు తిరుమల వరకూ అందరూ ఎరిగినవే. లేఖ తెచ్చిన వ్యక్తి ఎవరో సంతకం చేసిన పెద్దలకు తెలియకపోయినా పని జరిగిపోతుంది. ఉద్యోగాన్వేషణలో ఉన్న పల్లె యువతకు ఇప్పుడు మరో తరహా సిఫారసు అవసరమవుతోంది. దీనికి పెద్ద హోదాతో పని లేదు. మన పనిని కళ్లారా చూసిన మనిషి ఉంటే చాలు. లింక్డ్‌ఇన్‌లో దీన్నే ‘రికమెండేషన్‌’ అంటారు. కుటుంబంలో తొలిసారి డిగ్రీ చదివి, కంపెనీల్లో బంధువులెవరూ లేకుండా హైదరాబాద్‌ బస్సెక్కే వారికి ఇది అక్కరకొచ్చే సాధనం.

ఏమిటీ రికమెండేషన్‌?

వృత్తిపరమైన పరిచయాల కోసం ఉద్దేశించిన లింక్డ్‌ఇన్‌ 2003 మే నెలలో అమెరికాలో ప్రారంభమైంది. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల సారథ్యంలోని మైక్రోసాఫ్ట్‌ సంస్థ 2016లో దీన్ని 2,620 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. ఇందులోని ప్రొఫైల్‌లో చదువు, అనుభవం ఎవరికి వారే రాసుకుంటారు. రికమెండేషన్‌ మాత్రం ఇతరులు రాయాల్సిందే. రాసినవారి పేరు, హోదా, తేదీ అందరికీ కనిపిస్తాయి కాబట్టి ఆ మాటకు బాధ్యత ఉంటుంది. 2012లో ప్రవేశపెట్టిన ‘ఎండార్స్‌మెంట్‌’ వేరు. ఫలానా నైపుణ్యం ఉందని ఒక్క నొక్కుతో తెలిపే సౌకర్యమది. దానికంటే వివరంగా రాసిన నాలుగు వాక్యాలకే విలువ ఎక్కువ.

ఎవరిని అడగాలి?

మన పరిచయాల జాబితాలో ఉన్నవారిని మాత్రమే రికమెండేషన్‌ అడగగలం. మేనమామ ఎంత పెద్ద అధికారి అయినా మన పనిని చూడనప్పుడు ఆయన మాట ఉపయోగపడదు. పై ఉద్యోగి, సహోద్యోగి, ప్రాజెక్టు చేయించిన అధ్యాపకుడు, సేవలందుకున్న ఖాతాదారు తగినవారు. సుమారు 2 కోట్ల మంది లింక్డ్‌ఇన్‌ సభ్యుల సమాచారంతో 2022లో ‘సైన్స్‌’ పత్రికలో ఒక అధ్యయనం వెలువడింది. బాగా దగ్గరివారికంటే ఓ మోస్తరు పరిచయస్తులే ఉద్యోగం మారేందుకు ఎక్కువగా తోడ్పడుతున్నట్లు అందులో తేలింది. కాబట్టి రెండు నెలలు కలిసి పనిచేసిన వారిని అడగడానికీ మొహమాటపడనవసరం లేదు.

అడిగే పద్ధతి

ఎదుటివారి ప్రొఫైల్‌ తెరిచి రికమెండేషన్‌ కోరే అంశాన్ని ఎంచుకోవాలి. వారితో మనకున్న సంబంధం, అప్పటి మన ఉద్యోగం సూచించి సందేశం పంపాలి. దీనికి రుసుము లేదు. అయితే ముందుగా ఫోన్‌ చేసి అనుమతి కోరడం మర్యాద. ‘నా గురించి రాయండి సార్‌’ అంటే ఏం రాయాలో వారికి తోచదు. చేసిన పనిని గుర్తుచేయాలి. ఉదాహరణకు, లాడ్జిలో లెక్కలు చూసిన యువతి ఇలా అడగవచ్చు: ‘బ్రహ్మోత్సవాల రద్దీలో గదుల కేటాయింపు, రోజువారీ వసూళ్ల లెక్కలు నేను చూశాను. ఆ పని గురించి మీరు గమనించినది రెండు మూడు వాక్యాల్లో రాయగలరా? వీలుకాకపోయినా ఫర్వాలేదు.’ ఈ చివరి మాట తప్పనిసరి. ఇబ్బందిపెట్టి రాయించుకున్నది చదివేవారికి ఇట్టే తెలిసిపోతుంది.

రాసేవారు గమనించాల్సినవి

డిగ్రీ పూర్తయ్యాక కాలేజీలో ఇచ్చే ప్రవర్తన ధ్రువపత్రంలో అందరికీ ఒకటే వాక్యం ఉంటుంది. రికమెండేషన్‌ అలా ఉండకూడదు. ‘కష్టపడే మనిషి, మంచివాడు’ అంటే ఎవరికైనా సరిపోతుంది. ఎంతకాలం, ఏ హోదాలో కలిసి పనిచేశారో మొదట చెప్పాలి. తరువాత ఒక సంఘటన, దాని ఫలితం రాయాలి. ‘ఉత్సవాల పదకొండు రోజులూ ఏ రాత్రికారాత్రి లెక్క సరిచూసి అప్పగించింది, ఒక్కరోజూ తేడా రాలేదు’ అన్న వాక్యం పది పొగడ్తల పెట్టు. కులం, పెళ్లి, ఆరోగ్యం వంటి సొంత విషయాలు, సంస్థ రహస్యాలు రాయరాదు. పని నచ్చని పక్షంలో సున్నితంగా నిరాకరించడమే ఉభయులకూ మేలు.

తిరిగి వచ్చిన రాతలో పొరపాటుంటే సవరించమని కోరవచ్చు. మనం అంగీకరించిన తరువాతే అది ప్రొఫైల్‌లో చేరుతుంది. వద్దనుకుంటే కనిపించకుండా దాచుకోవచ్చు.

ఇచ్చిపుచ్చుకోవడం వద్దు

‘నాకు నువ్వు రాయి, నీకు నేను రాస్తా’ అనే ఒప్పందాలు దాగవు. అందినవీ, ఇచ్చినవీ తేదీలతో సహా ప్రొఫైల్‌లో కనిపిస్తాయి. అదే రోజు ఒకరినొకరు మెచ్చుకుంటే నియామకాధికారులు రెండింటినీ పక్కన పెట్టే ప్రమాదముంది. డబ్బులిస్తే రికమెండేషన్లు రాయిస్తామని, ఉద్యోగం ఇప్పిస్తామని సందేశాలు పంపేవారిని నమ్మరాదు. మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్‌ నేరాల సహాయ నంబరు 1930కు ఫోన్‌ చేయాలి.

ఒక్క రికమెండేషన్‌తోనే ఉద్యోగం రాదు. పరీక్ష, ఇంటర్వ్యూ నెగ్గాల్సిందే. కానీ ముఖపరిచయం లేని ఊళ్లో ‘ఈ అమ్మాయి పని నేను చూశాను’ అని ఒకరు పేరుతో సహా చెప్పడం చిన్న సాయం కాదు. చిన్న కొలువైనా సరే, మానేసే రోజునే పై ఉద్యోగిని ఆ నాలుగు మాటలు అడగడం మంచిది. ఏళ్లు గడిస్తే మనం చేసిన పని వారికీ గుర్తుండదు.