రోడ్డు సైకిలు ఎంపిక

రోడ్డు సైకిలు అనగా తారురోడ్లపై వేగంగా తొక్కడానికి తయారైన తేలికపాటి సైకిలు. సన్నని టైర్లు, కిందికి వంగిన హ్యాండిలు, గేర్లు దీని ముఖ్య లక్షణాలు. మొదటిసారి కొనేవారు వేగానికి, సౌకర్యానికి దేనికెంత ప్రాధాన్యమివ్వాలో నిర్ణయించుకోవలసి ఉంటుంది.

రకాలు

పందెపు సైకిలులో హ్యాండిలు సీటుకంటే కిందుగా ఉంటుంది. ముందుకు వంగి తొక్కడం వలన గాలి నిరోధం తగ్గుతుంది. అయితే అలవాటు లేనివారికి మెడ, నడుము, అరచేతులు నొప్పి పెడతాయి. ఎండ్యూరెన్స్ అనే దూరప్రయాణపు రకంలో హ్యాండిలు కొంత ఎత్తుగా ఉంటుంది. 28 నుండి 32 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు పడతాయి.

కోనసీమ రోడ్లపై

గోదావరి డెల్టాలోని ముమ్మిడివరం ప్రాంతం సమతలమైనది. సైకిలు బరువు ప్రభావం ముఖ్యంగా ఎత్తు ఎక్కేటప్పుడే తెలుస్తుంది. కావున ఇక్కడ ఒకటి రెండు కిలోల తగ్గుదల కోసం అధిక ధర చెల్లించనవసరం లేదు. సమతలంపై ప్రధాన అవరోధం గాలి. వేగం రెట్టింపైతే గాలిని ఎదుర్కొనడానికి కావలసిన సామర్థ్యం ఎనిమిది రెట్లవుతుంది. అందుచేత వంగి తొక్కడం లాభమే; కాని ఆ భంగిమలో గంటసేపు ఉండలేనివారికి ఆ లాభం దక్కదు. అమలాపురం వైపు సాగే 216వ నంబరు జాతీయ రహదారిని విడిచి గతుకుల కాలువగట్టు దారులు పట్టేవారికి వెడల్పు టైర్లే మేలు. వాటిలో గాలి తక్కువ ఒత్తిడితో నింపవచ్చు గనుక అదురు తగ్గుతుంది.

కొనే ముందు

హ్యాండిలు ఎత్తును తరువాత కొంతవరకు సవరించవచ్చు, టైర్లను మార్చవచ్చు. ఫ్రేము కొలతను మార్చలేము. కావున తొక్కేవారి ఎత్తుకు తగిన ఫ్రేమును, అందులో 32 మిల్లీమీటర్ల టైరుకు చోటున్నదీ లేనిదీ ముందుగా చూసుకోవాలి.